గాలిలో దీపం

"గాలిలో దీపం పెట్టి, దేవుడా నీదే భారం అన్నట్లు" అని మనకొక సామెత వుంది. గాలికి దీపం ఎక్కడ ఆరిపోతుందో అన్న భయమే అందులో వున్నది. ఇరవై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెబుతున్నాను. ఆ సామెతకు ఎన్నిసార్లు అర్థం చెప్పి వుంటానో లెక్క లేదు. కాని దానిని తిరగేసి చదువుకోవలసిన రోజు వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. గాలివల్ల దీపానికి కాదు, దీపంవల్ల గాలికే ముప్పు వచ్చిన రోజది. గాలి అంటుకొన్నది! ఉపమానం చెప్పడం లేదు, అక్షరాలా అంటుకొన్నది. అదీ మా నట్టింట్లో.

అది 2023 ఫిబ్రవరి. అమ్మాయి నిశ్చితార్థం పదిరోజుల్లోకి వచ్చింది. మాది మా తాతగారు కట్టించిన ఇల్లు. టేకు తలుపులు, టేకు ద్వారబంధాలు. ఏళ్ల తరబడి మసిబారి వున్నాయి. పెళ్లివారు వచ్చే వేళకు అవి మిలమిల మెరవాలని పాలిషు పెట్టించడానికి పూనుకొన్నాను. మేస్త్రి ఒకడూ, అతని వెంట పద్దెనిమిదేళ్ల కుర్రాడూ వచ్చారు. ఆ కుర్రాడు ఆరో తరగతితో చదువు మానేసి పనిలో దిగినవాడు. మాట నెమ్మది, పని చురుకు.

నాలుగో రోజు సాయంత్రం. హాల్లో తలుపులకు ఆఖరు పూత వేస్తున్నారు. కుర్రాడు నేలమీద గొంతుక్కూర్చొని, వెడల్పాటి అల్యూమినియం గిన్నెలో థిన్నరు పోసుకొని, గుడ్డ ముంచి తలుపు అడుగుభాగం తుడుస్తున్నాడు. వీధిలోంచి దుమ్ము వస్తున్నది. తడి పాలిషు మీద దుమ్ము పడితే నిగారింపు చెడుతుంది గదా అని, "కిటికీలు వేసెయ్యరా అబ్బాయీ" అన్నాను. వాడు లేచి నాలుగు కిటికీలూ బిగించి వచ్చాడు.

ఆ మాట అన్నది నేనే. ఇది రాయడానికి కారణం ఆ మాటే.

ఆరు గంటలకు మా అమ్మ దేవుడి దగ్గర దీపం వెలిగించి, తులసికోట దగ్గరకు పెరట్లోకి వెళ్లింది. మా ఇంట్లో దేవుడి గూడు హాల్లోంచి వెళ్లే నడవ చివర వుంది. నేలకు జానెడెత్తున వుంటుంది. కుర్రాడి గిన్నెకూ ఆ దీపానికీ మధ్య పదిహేను అడుగుల దూరం. పది నిమిషాలు గడిచాయో లేదో, గూటి దగ్గర 'బుస్సు'మని చప్పుడయింది. నీలిరంగు మంట ఒకటి నడవ పొడుగునా నేలమీద జరజర పాకి వచ్చి, కన్ను మూసి తెరిచే లోపల గిన్నెను అందుకొన్నది. గిన్నె భగ్గుమన్నది.

నేను చేసిన రెండో తప్పు అప్పుడు జరిగింది. బకెట్టెడు నీళ్లు తెచ్చాను. "నీళ్లొద్దు మాస్టారూ!" అని మేస్త్రి అరుస్తూనే వున్నాడు, నేను పోసేశాను. మంట ఆరలేదు సరిగదా, నీళ్లమీద తేలుతూ కుర్రాడి కాళ్ల కిందికి పరుగెత్తింది. మేస్త్రి బల్లమీది దుప్పటి లాగి వాడికి చుట్టాడు. పెద్ద ఇత్తడి పళ్లెం తెచ్చి గిన్నెమీద బోర్లించాడు. గిన్నెలో మంట చప్పున అణిగిపోయింది. నేలమీది మంట ఇంకో నిమిషం ఆడి చచ్చింది.

కుర్రాడికి మోకాళ్ల కిందినుంచి రెండు కాళ్లూ, కుడిచెయ్యీ కాలాయి. నెల రోజులు ఆసుపత్రిలో వున్నాడు.

వత్తి లేని దీపం

ఆ నెల రోజులూ నాకు ఒకటే ప్రశ్న. దీపం అక్కడ, గిన్నె ఇక్కడ. మధ్య ఉత్త నేల. దీపంలోంచి నిప్పురవ్వ ఎగిరి పడలేదు. మరి మంట ఏ దారిని వచ్చింది?

మా కాలేజీలోనే కెమిస్ట్రీ చెప్పే మిత్రుడు వున్నారు. ఆయన దగ్గరకు వెళ్లి అడిగాను.

"దీపం ఎలా వెలుగుతుందో మీకు తెలుసునా మాస్టారూ?" అని ఎదురు ప్రశ్న వేశారాయన.

"నూనె వుంటే వెలుగుతుంది" అన్నాను.

"అయితే ప్రమిదలో చల్లటి నువ్వులనూనె పోసి, అందులో మండే అగ్గిపుల్ల ముంచండి. ఏమవుతుంది?"

"పుల్ల ఆరిపోతుంది."

"అదీ సంగతి! నూనె మండదు. వత్తి నూనెను పైకి పీల్చి, మంట దగ్గర వేడెక్కించి ఆవిరి చేస్తుంది. మండేది ఆ ఆవిరి. మీ థిన్నరుకు వత్తి అక్కరలేదు. దానిని గిన్నెలో పోస్తే చాలు, తనంతట తానే ఆవిరవుతుంది. గిన్నె పైభాగమంతా వత్తే అనుకోండి."

థిన్నరు అనేది ఒకే పదార్థం కాదు. టాల్యూను, ఎసిటోను, బ్యూటైల్ ఎసిటేటు వంటి ద్రవాల కలగలుపు అది. ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క పాకం. రంగునూ, లక్కనూ, జిగురునూ కరిగించి పలుచన చెయ్యడం వీటి పని. కాబట్టి శాస్త్రగ్రంథాల్లో వీటిని ద్రావణులు అంటారు. పని అయిన వెంటనే ఎగిరిపోవాలి; అప్పుడే రంగు ఆరుతుంది. అంటే, త్వరగా ఆవిరి కావడమే వాటి గుణం, అదే వాటి దోషం కూడా.

ఒక ద్రవం ఎంత చల్లగా వున్నప్పుడు కూడా, నిప్పు చూపితే అంటుకొనేంత ఆవిరిని ఇస్తుందో, ఆ వేడిమి హద్దును ఫ్లాష్ పాయింటు అంటారు. టాల్యూనుకు అది 4 డిగ్రీల సెంటిగ్రేడు. ఎసిటోనుకు సున్నాకు దిగువన 20 డిగ్రీల దగ్గర. అంటే లంబసింగిలో జనం చలిమంటలు వేసుకొనే తెల్లవారుజామున కూడా ఎసిటోను నిప్పు కోసం సిద్ధంగా కూర్చొని వుంటుందన్నమాట. కిరసనాయిలు నయం, దాని హద్దు 35 డిగ్రీలకు పైన. అందుకే మన అమ్మమ్మలు కిరసనాయిలు లాంతర్లతో ఒక తరమంతా వెళ్లదీయగలిగారు. అయితే రెంటచింతలలోనో, రామగుండంలోనో 45 డిగ్రీల ఎండ కాసే రోజున కిరసనాయిలును కూడా నమ్మకూడదని వేరే చెప్పనక్కరలేదు.

నేలబారు ప్రయాణం

ఆవిరి అనగానే మనకు తోచేది ఎసరు పొంగినప్పుడు పైకి లేచే పొగ. ఆవిరి పైకి పోతుందని మన ఊహ. పొరపాటంతా అక్కడే వుంది. నీటి ఆవిరి గాలికంటే తేలిక. థిన్నరు ఆవిరి అలా కాదు. ఎసిటోను ఆవిరి గాలికంటే రెండు రెట్లు, టాల్యూను ఆవిరి మూడు రెట్లు బరువు. కంటికి కనపడదు. గిన్నె అంచు దాటి, ఒలికిన నీళ్ల మాదిరిగా నేలమీదికి దిగుతుంది. గడప కింది సందులోంచి దూరుతుంది, మెట్లు దిగుతుంది, తూములోకి జారుతుంది. పల్లం ఎటు వుంటే అటు పోతుంది. దారిలో నిప్పు తగిలిందా, ఆ మంట వచ్చిన దారినే వెనక్కు పరుగెత్తి ఆవిరి పుట్టిన చోటికి చేరుతుంది.

మా నడవలో జరిగింది అదే. కిటికీలు మూసి వుండడంవల్ల ఆవిరి బయటికి పోలేదు. నేలమీద పరుచుకొని, పదిహేను అడుగులు పాకి, జానెడెత్తున వున్న దీపాన్ని కలుసుకొన్నది. దీపం అడుగు పైన, గోడకు వున్నట్లయితే ఇంకాస్త వ్యవధి దొరికేదేమో. కిటికీలు తెరిచి వున్నట్లయితే అసలీ కథే లేకపోవును.

"ఎంత థిన్నరు అయితే ఇంత పని చేస్తుంది?" అని అడిగాను. మిత్రుడు కాగితం తీసుకొని లెక్క వేశారు. ఒక లీటరు టాల్యూను పూర్తిగా ఆవిరైతే సుమారు 230 లీటర్ల ఆవిరి అవుతుంది. గాలిలో అది నూటికి 1.1 పాళ్లు చేరితే చాలు, అంటుకొంటుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు వున్న గది తీసుకోండి. ఆవిరి కింద రెండడుగుల మేర మాత్రమే పరుచుకొన్నదనుకొంటే, ఆ మేరను మందుపాతరగా మార్చడానికి పావులీటరుకు కొంచెం పైన చాలు. అంటే మనం కాఫీ తాగే రెండు గ్లాసులు! గాలి కదలికనుబట్టి ఈ లెక్క కొంత అటూ ఇటూ అవుతుంది. కాని ఆ రోజు మా గిన్నెలో పోసింది ముప్పాతిక లీటరు. తలుపుల మీద పూసింది వేరే.

అమరకోశంలో అగ్నికి వున్న పేర్లలో వాయుసఖుడు ఒకటి, ఆశ్రయాశుడు ఒకటి. గాలికి స్నేహితుడట, తనకు చోటిచ్చినదానినే తినేవాడట. ఈ రెండు పేర్లూ నేను విద్యార్థులచేత వల్లె వేయించినవే. వాటి భావం మా నడవలో తెలిసింది.

ఖాళీ డబ్బా ఖాళీ కాదు

ఇక్కడ ఇంకొక చిత్రం వుంది. ఆవిరి మరీ తక్కువైతే మండదు. మరీ ఎక్కువైనా మండదు, గాలి చాలదు. టాల్యూను ఆవిరి నూటికి 1.1 నుంచి 7 పాళ్ల దాకా వున్నప్పుడే ప్రమాదం. నిండుగా వున్న డబ్బాలో ఆవిరికి చోటే తక్కువ. వాడి పారేసిన డబ్బాలో అడుగున నాలుగు చుక్కలు మిగిలి వుంటాయి. మిగిలిన చోటంతా గాలి. సరిగ్గా కావలసిన పాళ్లు అక్కడే కుదురుతాయి. అందుచేత నిండు డబ్బాకంటే ఖాళీ డబ్బాయే ప్రమాదకరం.

ఈ సంగతి తెలియక, ఖాళీ డ్రమ్మును నీళ్లతొట్టిగా చేసుకొందామని గ్యాసు కట్టరుతో మూత కోయించేవారున్నారు. వెల్డింగు చేయించేవారున్నారు. డ్రమ్ము పేలి ప్రాణాలు పోయిన వార్తలు పత్రికల్లో అప్పుడప్పుడూ చూస్తూనే వుంటాం. రసాయనం పోసిన డ్రమ్మును శుభ్రం చేసే పద్ధతి తెలిసినవారు చెయ్యవలసిన పని అది. వీధిచివర షాపులో చేయించదగినది కాదు.

థిన్నరు తుడిచిన గుడ్డలు కూడా అంతే. మూలన కుప్పగా పడేసి తలుపు వేసుకొని పోకూడదు. ఆరుబయట విడివిడిగా ఆరవెయ్యాలి. లేదా మూత వున్న ఇనుప డబ్బాలో వేసి బయట పెట్టాలి.

కాలువలో పాకిన తవుడునూనె చుట్టం

ఇల్లంటే చిన్నది. ఇదే ఆవిరి ఒక నగరం కింద పాకితే ఏమవుతుందో కూడా లోకం చూసింది.

మనం వంటకు వాడే తవుడునూనె ఎలా తీస్తారో చాలామందికి తెలియదు. తవుడులో నూనె తక్కువ. గానుగ ఆడితే పూర్తిగా రాదు. అందుకని తవుడును హెక్సేను అనే ద్రావణితో కడుగుతారు. హెక్సేను నూనెను కరిగించుకొని బయటికి తెస్తుంది. తరవాత వేడిచేసి హెక్సేనును ఆవిరిగా విడదీసి, చల్లబరిచి, మళ్లీ వాడుకొంటారు. సోయా నూనె తీసేదీ ఈ పద్ధతిలోనే. పద్ధతి మంచిదే, కాని హెక్సేను ఫ్లాష్ పాయింటు సున్నాకు దిగువన 20 డిగ్రీలు దాటి వుంటుంది. దాని ఆవిరి గాలికంటే మూడు రెట్లు బరువు. థిన్నరుకు దగ్గర చుట్టం.

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో లూయీవిల్ అనే నగరం వుంది. అక్కడి సోయా కర్మాగారం ఒకదానినుంచి వేల గ్యాలన్ల హెక్సేను మురుగుకాలువల్లోకి పోయింది. బరువైన ఆవిరి భూమి కింద కాలువల వెంట వీధులకు వీధులు పరుచుకొన్నది. 1981 ఫిబ్రవరి 13న ఇంకా తెల్లవారక ముందే ఇద్దరు స్త్రీలు ఆసుపత్రిలో తమ డ్యూటీకి కారులో పోతున్నారు. కారులోని నిప్పురవ్వ ఆ ఆవిరికి తగిలింది. అంతే! వరసగా పేలుళ్లు. రెండు మైళ్లకు పైగా వీధులు గుంటలు పడిపోయాయి. మురుగుకాలువల మూతలు గాలిలోకి ఎగిరాయి. తెల్లవారుజాము గనుక వీధుల్లో జనం లేరు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. రెండు గంటలు ఆలస్యంగా జరిగి వుంటే ఏమయ్యేదో ఊహించుకోవలసిందే.

హెక్సేను వున్నది ఒక చోట. కారు వున్నది ఇంకొక చోట. మా ఇంటి నడవకూ లూయీవిల్ కాలువకూ కొలతలోనే తేడా. అందుకే మిగిలిన థిన్నరును తూములో పారబోయకూడదు. మన ఇంట్లో కనపడకుండా పోయిన ప్రమాదం పక్కవారి తూములో తేలుతుంది.

నిప్పు ఎక్కడెక్కడ దాగి వుంటుంది?

నిప్పు అంటే పొయ్యి, చుట్ట, అగ్గిపుల్ల అని మాత్రమే అనుకొంటాం. విద్యుత్తు స్విచ్చి వేసినప్పుడు లోపల చిన్న రవ్వ పుడుతుంది. రిఫ్రిజిరేటరు దానంతట అది ఆగి మళ్లీ మొదలయ్యేటప్పుడూ రవ్వ పుట్టవచ్చు. మిక్సీ, డ్రిల్లు మోటార్లలో తిరుగుతున్నంతసేపూ రవ్వలే. గదిలో వాసన గుప్పుమన్నప్పుడు "ఫ్యాను వెయ్యి, పోతుంది" అనడం మనకు అలవాటు. ఆ స్విచ్చే కొంప ముంచవచ్చు. ముందు తలుపులు, కిటికీలు తెరవాలి. స్విచ్చి జోలికి పోకూడదు: వెయ్యనూ వద్దు, తియ్యనూ వద్దు.

ఇంకొకటి, కంటికి కనపడనిది. నైలాను చొక్కా విప్పేటప్పుడు చిటపటలాడుతుంది చూడండి, ఆ విద్యుత్తే ద్రవం గొట్టంలో పారుతున్నప్పుడూ, ప్లాస్టిక్కు డబ్బాలోకి ఎత్తునుంచి పోస్తున్నప్పుడూ పుడుతుంది. కర్మాగారాల్లో ఒక డ్రమ్ములోంచి ఇంకొక డ్రమ్ములోకి పోసే ముందు రెంటినీ తీగతో కలిపి, ఆ తీగను భూమికి కలుపుతారు. పెట్రోలు బంకులో డబ్బాను బండిమీద వుంచి పట్టించుకోకుండా నేలమీద పెట్టి పట్టించుకోవాలనడం కూడా ఇందుకే.

మెల్లగా చేసే హాని

మంట ఒక్కసారిగా చేసే పని ఇది. మంట లేకుండా మెల్లగా చేసే పని మరొకటి వుంది. ఆ కుర్రాడు పనిలో చేరిన కొత్తలో సాయంత్రమయ్యేసరికి తల దిమ్ముగా వుండేదట, వాంతి వచ్చినట్లుండేదట. "నెల తిరిగేసరికి అలవాటైపోయింది మాస్టారూ" అన్నాడు. అలవాటైంది ముక్కు మాత్రమే. వాసన తెలియడం మానేస్తుంది. ఆవిరి లోపలికి పోవడం మానదు.

పనివాళ్లు పీల్చే గాలిలో టాల్యూను పది లక్షల పాళ్లకు 100 పాళ్లు మించకూడదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. గాలి అంటుకొనడానికి కావలసింది 11,000 పాళ్లు. అంటే మంటకు కావలసిన ఆవిరిలో నూరోవంతు కూడా మనిషికి ఎక్కువే. తలనొప్పి, తూలు, మతిమరుపు దానివల్ల వచ్చేవి. గర్భిణీ స్త్రీలు ఆ గాలి సోకే చోట వుండనేకూడదు. కొందరు పిల్లలు మత్తుకోసం కావాలనే దీనిని పీలుస్తారు. ఒక్కొక్కప్పుడు గుండె ఆగి అక్కడికక్కడే చనిపోతారు. 1960లలో జపానులో చెప్పులు తయారుచేసే ఇళ్లలో, జిగురులోని హెక్సేను పీల్చిన పనివారికి కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి, బలం పోయి, నడక కష్టమైంది. నరాల జబ్బు అది. పనిచేస్తున్నది హెక్సేనని వైద్యులు తేల్చేసరికి చాలామంది మంచం పట్టారు.

పని అయిన తరవాత థిన్నరుతో చేతులు కడుక్కోవడం మన పనివాళ్లలో మామూలు. అది చర్మంలోని చమురునంతా లాగేస్తుంది. చర్మం పగులుతుంది, పగుళ్లలోంచి జబ్బు ప్రవేశిస్తుంది. కాస్త వంటనూనె రాసి, సబ్బుతో కడుక్కొంటే ఆ మరకలు చాలావరకు పోతాయి. మంచినీళ్ల సీసాలో థిన్నరు పోసి పెట్టుకోవడం అన్నిటికంటే పాపం. దాహంతో వచ్చిన పసివాడికి నీళ్లకూ దానికీ తేడా తెలియదు.

అంటుకొన్నప్పుడు

నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. టాల్యూను నీటికంటే తేలిక. నీళ్లు పోస్తే మంట వాటిమీద తేలి ఊరేగుతుంది. గిన్నెలో అంటుకొంటే పళ్లెమో మూతో బోర్లించి గాలి అందకుండా చెయ్యాలి. ఇసుక పొయ్యాలి. పొడి చల్లే అగ్నిమాపక సిలిండరు వుంటే మరీ మంచిది. మండుతున్న గిన్నెను చేత్తో పట్టుకొని బయటికి పరుగెత్తకూడదు. అలా పరుగెత్తి ఒళ్లంతా కాల్చుకొన్నవారు ఎందరో. మంట చెయ్యి దాటిపోతే మనుషులను బయటికి తెచ్చి 101కు ఫోను చెయ్యడమే పని.

బట్టలు అంటుకొంటే పరుగెత్తకూడదు. నేలమీద పడి దొర్లాలి. మందపాటి నూలు దుప్పటి చుట్టాలి. మంట ఆరిన తరవాత మాత్రం నీళ్లే మందు. కాలిన చోట ఇరవై నిమిషాలపాటు చల్లటి కొళాయి నీళ్లు ధారగా పడనివ్వాలి. ఆ రోజు మా పక్కింటివారు ప్రేమకొద్దీ టూత్‌పేస్టు తెచ్చి కుర్రాడి కాళ్లకు పట్టించారు. ఆసుపత్రిలో ముందు దానిని కడిగి తియ్యవలసి వచ్చింది. ఆ కడగడానికి వాడు పెట్టిన కేకలు ఇంకా నా చెవుల్లో వున్నాయి.

డబ్బామీద రాసి వున్నది

మంట చల్లారిన మర్నాడు నేను థిన్నరు డబ్బాను చేతిలోకి తీసుకొని చూశాను. వజ్రాకారపు గడిలో మంట బొమ్మ. పక్కనే చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో వరసగా హెచ్చరికలు. మంటలకు దూరంగా వుంచండి. గాలి ఆడే చోట వాడండి. ఆవిరి పీల్చకండి. అన్నీ రాసి వున్నాయి. ఆ కుర్రాడు ఆ అక్షరాలు చదవలేడు. మేస్త్రి కూడా చదవలేడు. ఆ ఇంట్లో వాటిని చదవగలిగినవాడు ఒక్కడే. ఆ ఒక్కడే కిటికీలు వెయ్యమన్నాడు.

తెలుగులో ఎమ్.ఏ. చదివి, నాలుగు మాటలు తెలుగులో చెప్పడమే వృత్తిగా పెట్టుకొన్న నేను, డబ్బా తీసి ఆ నాలుగు మాటలూ వాడికి తెలుగులో చెప్పలేదు. వాడి ఆసుపత్రి ఖర్చు భరించాను. పనికి రాలేని రోజులకు కూలి ఇచ్చాను. అవి బాకీ తీర్చడమే తప్ప ఉపకారం కాదు. మనలో చాలామంది పనివాడిని పిలిచినప్పుడు బేరం ఆడతాం, రంగు ఎంచుకొంటాం, గడువు పెడతాం. ప్రమాదం సంగతి 'వాళ్లకు తెలుసులే' అనుకొంటాం. వాళ్లు 'అయ్యగారు చదువుకొన్నవారు, ప్రమాదమైతే చెప్పరా?' అనుకొంటారు. ఈ రెండు అనుకోవడాల మధ్యనే ఆవిరి పాకుతుంది.

మా అమ్మ చాలా రోజులు మనిషి కాలేదు. "దీపం పెట్టడమే తప్పయిందా నాయనా?" అని అడిగేది. దీపం తప్పు కాదు, నేను కిటికీలు వేయించడం తప్పని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకు సమాధానం కాలేదు.

ఆరేడు నెలల తరవాత మిగిలిన తలుపుల పని పూర్తి చెయ్యడానికి మేస్త్రి వస్తానన్నాడు. కుర్రాడు కూడా వస్తానన్నాడట. వద్దందామనుకొన్నాను, కాని వాడికి వచ్చిన పని అది. ముందురోజు రాత్రి కూర్చొని ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో తెలుగులో అయిదు మాటలు రాసి హాల్లో కట్టాను:

కిటికీలన్నీ తెరిచి వుంచాలి.
పొయ్యి, సిగరెట్టు, అగ్గిపెట్టె దగ్గర వుండకూడదు.
స్విచ్చులు ముట్టుకోకూడదు.
చిన్న డబ్బాలో కొంచెం కొంచెం పోసుకోవాలి. వెంటనే మూత పెట్టాలి.
ఇసుక బకెట్టు పక్కన వుండాలి.

కుర్రాడు వచ్చాడు. కాళ్లమీద మచ్చలు తెల్లగా కనపడుతున్నాయి. అట్ట ముందు నిలబడి, కూడబలుక్కొంటూ, వేలితో అక్షరాలు పట్టుకొని చివరిదాకా చదివాడు. చదివి నావైపు తిరిగి, కొంచెం సంకోచంగా అన్నాడు:

"మాస్టారూ, ఇందులో దీపం సంగతి రాయలేదండి."

నిజమే! పొయ్యి రాశాను, సిగరెట్టు రాశాను. వాడిని కాల్చిన దీపాన్నే మరిచాను. దేవుడి దీపాన్ని నిప్పుల లెక్కలో వెయ్యడం మన అలవాటులో లేదు. కలం తీసుకొని ఆరో మాట రాయబోతున్నాను. వంటింటి గడపలో నిలబడి వింటున్న మా అమ్మ, "నువ్వేం రాయనక్కరలేదులే నాయనా. పని అయినన్నాళ్లూ నేను తులసికోట దగ్గరే పెట్టుకొంటాను" అన్నది.

అయినా రాశాను. ఆ అట్ట ఇప్పటికీ మా హాల్లో వుంది. ఈమధ్య పక్క వీధివారు రంగులు వేయిస్తూ అడిగితే, ఆ ఆరు మాటలూ రాసి ఇచ్చాను. ఇచ్చేముందు డబ్బా చూపించమని అడిగి, దానిమీద వున్నది చదివి, పనివాళ్లను పిలిచి చెప్పి వచ్చాను. పది నిమిషాల పని.